జంగమాస్తికి యజమాని ఎవరు?

ఆస్తిపత్రములు వ్రాయువారు తరతరములుగా ఒక జంటపదమును వాడుచున్నారు: స్థావరజంగమములు. కదలనిది స్థావరము, కదలునది జంగమము. భూమి, ఇల్లు, తోట, నుయ్యి మొదటి కోవకు చెందును. పశువులు, బండ్లు, ధాన్యము, నగలు రెండవ కోవకు చెందును. శివశరణుల బోధయందును ఈ రెండు పదములే కలవు గాని అచట వాని విలువ వేరు. అచట స్థావరమనగా ఒకచోట నిలిచి కాలముచే శిథిలమగునది. జంగమమనగా చైతన్యముతో నడయాడునది, ఇంటింటికి జ్ఞానమును కొనివచ్చునది. పత్రమునందలి జంగమమునకును, శరణుల జంగమమునకును పేరొక్కటియే. వాని నడుమ దూరమెంతయో తెలిసికొనుటకు నేటి గృహస్థుని వాకిట నిలిచిన మోటారు వాహనము మంచి ఉదాహరణము. అందునను మిక్కిలి వేగము కొఱకే నిర్మింపబడిన స్పోర్ట్స్ కారు ఈ విషయమును మఱింత పదునుగా మన ముందుంచును.

శ్రీకాకుళము జిల్లాలోని టెక్కలి, పలాస, ఉద్దానము ప్రాంతములకు వాహనము క్రొత్తది కాదు. చెన్నై నుండి కోల్‌కతాకు పోవు జాతీయ రహదారి ఈ సీమ నడుమగా సాగుచున్నది. చిరకాలము 5వ సంఖ్యతో పిలువబడిన ఆ మార్గమునకు 2010లో 16వ సంఖ్య వచ్చినది. దానికి ఒక ప్రక్క కొండల వరుస, మఱియొక ప్రక్క కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ఉద్దానము, ఆ ఆవల సముద్రము. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఎడ్లబండ్లు నడచిన ఈ ఇసుక దారులలోనికి సైకిళ్ళు వచ్చినవి, వాని వెనుక మోటారు సైకిళ్ళు, ఆటోలు, కార్లు వచ్చినవి. పలాస జీడిపప్పు దేశమంతట పేరుపొందినది. టెక్కలి ప్రాంతపు రాతి గనుల నుండి గ్రానైటు దూరదేశములకు పోవుచున్నది. వ్యాపారము పెరిగినకొలది వాహనమును పెరుగుట సహజమే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరము చెంత విద్యుత్తుతో నడచు పందెపు కార్ల అంతర్జాతీయ పోటీ జరుగగా, తెలుగు యువకులు వేల సంఖ్యలో వాని వేగమును కన్నులార చూచిరి. చూచిన దానిని కోరుట మనసునకు స్వభావము.

పలాసలో జీడిపిక్కల వ్యాపారము చేయు ఒక కుటుంబమును ఊహించుకొందము. తాత తోటతోటకు తిరిగి, బుట్టలతో పిక్కలు కొని అమ్మెను. తండ్రి అప్పుచేసి చిన్న బట్టీ పెట్టి, దానిని పెద్దది చేసెను. కుమారుడు నగరమున చదివి వచ్చి, లెక్కలు చక్కగా చూచి, వ్యాపారమును దూరప్రాంతములకు విస్తరింపజేసెను. అతడు దుర్వ్యసనములు లేనివాడు, పన్ను ఎగవేయనివాడు, పనివారికి కూలి నిలుపనివాడు. ఒకనాడు అతడు రెండు తలుపులు, రెండే ఆసనములు గల ఎఱ్ఱని కారును కొని ఇంటి ముందు నిలిపెను. ఇరుగుపొరుగు గుమిగూడిరి. పూజ జరిగినది, నిమ్మకాయలు చక్రముల క్రింద నలిగినవి. ఇంటి ముసలమ్మ ఆ కారు చుట్టు ఒకమారు తిరిగి, ముంగిట కూర్చుండి, మనుమనితో ఇట్లనెను: "నాయినా, ఇది మనల్ని మోస్తాదా, మనమే దీన్ని మోయాలా?"

అందఱు నవ్విరి. మనుమడును నవ్వెను. ఆరునెలలు గడచుసరికి ఆ మాట అతనికి మఱల మఱల గుర్తునకు రాసాగెను.

ముందుగా ఆ వాహనమునకు న్యాయము చేయవలెను. స్పోర్ట్స్ కారనగా కేవలము ధనవంతుని ఆడంబరమని తలచుట పొరపాటు. దాని జన్మలో ఒక నియమము కలదు. ఇంగ్లండులో 1952లో లోటస్ సంస్థను స్థాపించిన కాలిన్ చాప్‌మన్ అను ఇంజనీరు, బలమును పెంచుటకంటె బరువును తగ్గించుటయే వేగమునకు మంచి మార్గమని నమ్మి పనిచేసినవాడు. అతడు మరణించిన పిదప, 1996లో ఆ సంస్థ చేసిన ఎలీస్ అను కారు బరువు సుమారు 725 కిలోలు మాత్రమే. మన ఊళ్ళలో పెండ్లిండ్లకు, ఎన్నికలకు తిరిగిన అంబాసిడరు కారు బరువు 1100 కిలోలకు తక్కువ కాదు. 1989లో జపానువారి మజ్డా సంస్థ విడుదల చేసిన రెండాసనముల కారు కూడ వెయ్యి కిలోలకు లోపే తూగెను. మంచి స్పోర్ట్స్ కారును నిర్మించువాడు ప్రతి భాగమును చేతబట్టి, ఇది లేకున్న జరుగదా అని తన్ను తాను అడుగుకొనును. అనవసరమైన దానిని విడుచుటయే అతని విద్య. ఇది శరణుల మార్గమునకు దూరమైన బుద్ధి కాదు. వింత యేమనగా, బరువును విడిచి పుట్టిన ఆ వస్తువును పెక్కుమంది తమ పేరునకు బరువు చేకూర్చుకొనుటకై కొనుచున్నారు. నేడు ఆ పేరుతో వచ్చు కార్లలో చాలభాగము సౌకర్యముల భారముచే మఱల బరువెక్కినవి.

ఇక పోషణము మాట. కొనుగోలు ఒక్కనాటి పని, పోషణము ప్రతిదినపు పని. ఈ కారు నేలకు మిక్కిలి దగ్గరగా నడచును. దాని అడుగునకును నేలకును నడుమ ఎడము సాధారణముగా 12, 13 సెంటీమీటర్లకు మించదు. మన వీధులలోని స్పీడు బ్రేకరు నియమము ప్రకారము కట్టినను 10 సెంటీమీటర్ల ఎత్తుండును, నియమము లేక కట్టినవి అనేకము. కాశీబుగ్గ సందులలో అట్టి మిట్టను దాటునపుడెల్ల అడుగుభాగము రాచుకొను చప్పుడు యజమాని గుండెలో వినిపించును. టైర్లు వెడల్పైనవి, అంచులు పలుచనివి. గోతిలో పడినచో టైరుతోపాటు చక్రపు అంచును దెబ్బతినును, ఆ కొలత టైరు పలాసలో దొరకదు. బ్రేకునందలి ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును, కావున సాధారణముగా రెండేండ్లకొకమారు దానిని మార్చవలెను. టైరు అరుగకున్నను ఏండ్లు గడచినకొలది దాని రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోవును. 2025 నాటికి దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలుపు స్థితి వచ్చినది. ఇథనాలునకు నీటిని ఆకర్షించు గుణము కలదు గనుక, ఆ ఇంధనమునకు తగినట్లు చేయని పాత బండిని నెలల తరబడి నిండు టాంకుతో నిలిపి ఉంచుట మంచిది కాదు.

వీనియన్నిటిని మించినది సముద్రము. నౌపడ ఉప్పుమళ్ళను చూచినవారికి ఈ తీరపు గాలి ఎట్టిదో చెప్పనక్కరలేదు. ఉప్పు తేమతో కలిసి ఇనుమును నెమ్మదిగా తినును. రంగు లేచిన చిన్న గీత చాలును, దాని క్రింద త్రుప్పు ఆరంభమగును. కడిగితే పోవునని పైపైన కడుగుదురు గాని, త్రుప్పు చక్రపు గూడులోపల, అడుగున, మేకుల తలలయొద్ద, తలుపుల క్రింది అంచులయందు పుట్టును. అచటికి మంచినీరు చేరునట్లు క్రింది నుండి కడుగవలెను, కడిగిన పిదప ఆరనీయవలెను. తడిసిన బండిపై గుడ్డ కప్పి మూసినచో మేలుకంటె కీడే ఎక్కువ. చెట్టునీడన నిలుపుదమన్నచో ఉద్దానములో నీడనిచ్చు చెట్టే కొబ్బరికాయను, పనసపండును రాల్చును. ఇంటిలో నిలుపుదమన్నచో పిక్కల గోనెలకై వచ్చు ఎలుకలు కారు తీగెలను కొఱుకును.

ఇట్లు ఆరునెలలలో ఆ యువకుని దినచర్య మారినది. వజ్రపుకొత్తూరు వైపు బంధువుల ఇంట శుభకార్యమునకు పిలుపు వచ్చిన, దారి బాగులేదని అతడు వెళ్ళలేదు. సంతకు పోయిన, కారు నిలిపినచోట పిల్లలు చేయి వేయుదురేమోయని పని సగములో విడిచి వచ్చెను. వాన పడిన రాత్రి రెండుమారులు లేచి చూచెను. తుదకు బయటకు తీయుటయే తగ్గించెను. నిలిచియున్న కారులో బ్యాటరీ దిగజారినది, ఒకేచోట బరువు మోసి టైర్లు ఒకవైపు చదునైనవి. కదలుటకై పుట్టిన వస్తువు ఇప్పుడు గదిలో నిలిచి, కాపలా కోరుచున్నది. పత్రమునందు అది జంగమాస్తియే, అనుభవమునందు స్థావరమైనది. దానితోపాటు దాని యజమానియు కదలిక కోల్పోయెను. ముసలమ్మ అడిగిన మాట ఇదియే.

ఇట్టి చోట రెండు సులభమైన సమాధానములు వినబడుచుండును. మొదటిది: భోగవస్తువు పాపము, అమ్మివేయుము. రెండవది: అది అతని కష్టార్జితము, ఒరులకేమి పని? రెండును ఆలోచనను మధ్యలో ఆపివేయును.

మొదటి సమాధానము నిజమైనచో నేత, నగిషీ, వీణ, మంచి ఎడ్లజత మొదలైనవన్నియు నిందింపదగినవే యగును. శరణులు పనితనమును నిందింపలేదు. చెప్పులు కుట్టు హరళయ్య, వెదురు అల్లు మేదర కేతయ్య వారికి పూజ్యులు. చక్కగా చేసిన వస్తువును చూచి ఆనందించుట చేసినవాని కాయకమును గౌరవించుటయే. ఉదయపు వేళ ఖాళీ దారిపై చేతి సైగకు మెత్తగా మలుపు తిరుగు యంత్రమును నడుపుటలో ఒక ఆనందము కలదు. మంచి ఎడ్లను తోలిన రైతునకు ఆ ఆనందము తెలియును. దానిని పాపమనుటకు ఆధారము లేదు.

రెండవ సమాధానమునకు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము చాలును. కల్యాణమున రాలిపడిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటయే మారయ్య కాయకము. ఒకదినము అతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి, మనకు కావలసినదానికి మించిన ఈ ఆశ ఎక్కడిదని మందలించి, అధికమైన దానిని తిరిగి అచటనే విడిచి రమ్మని పంపెను. ఆ బియ్యము దొంగిలినది కాదు, ఒరులను మోసగించి తెచ్చినదియు కాదు. న్యాయముగా ఏరినదే. అయినను ఆమె ప్రశ్నించినది. న్యాయార్జితమగుట మొదటి మెట్టు మాత్రమే, దానిపై మఱియొక మెట్టు కలదని ఆ ఇల్లాలు చూపినది. అయితే నేటి గృహస్థునకు చిక్కొకటి కలదు. ఒక పూట బియ్యమునకు కొలత తెలియును. కారునకు కొలత ఏది? మొదటి కారు అవసరమై, రెండవది అధికమగునా? నాలుగాసనములది న్యాయమై, రెండాసనములది అన్యాయమగునా? ధరతో కొలిచినచో ఈ లెక్క తేలదు. పలాసలో ఒకనికి మోటారు సైకిలే మోయలేని భారము కావచ్చును. కావున యాజమాన్యమును ధరతో కాక మూడు పరీక్షలతో కొలుచుట యుక్తము.

మొదటిది చేతి పరీక్ష. వస్తువు పోషణలో యజమాని చేయి ఎంత కలదు? పూర్వము పల్లకీలో పోవువానికి వేగము దక్కెను, దాని భారము బోయీల భుజములపై పడెను. కారు వచ్చిన పిదప భుజముల భారము తొలగినదని తలతుము. కాని దినమును కడుగు కుఱ్ఱవాడు, ఎండలో బండి క్రింద పండుకొని మరలు విప్పు మెకానిక్కు, నడిరేయి పిలిచిన వచ్చు పంక్చరు పనివాడు నేటి బోయీలే. యజమాని తన చేతితో టైర్ల గాలి చూచుట, నూనె మట్టము చూచుట, సముద్రతీరము నుండి వచ్చిన దినమున చక్రపు గూళ్ళు కడుగుట అలవరచుకొన్నచో రెండు ఫలములు కలుగును. వస్తువు నిలుచును. ఆ పనిలోని శ్రమ ఎంతయో తెలిసి, చేయువారియెడ గౌరవము పుట్టును. "బాబుగారూ, ఈ బోల్టు త్రుప్పు పట్టీసింది, తెల్లారి వరకూ టైమియ్యండి" అని మెకానిక్కు అడిగిన, తాను ఒకనాడు అట్టి బోల్టుతో పెనుగులాడినవాడు విసుగుకొనడు. సొంత చేతితో పోషింపజాలనన్ని వస్తువులు చేరినవనగా, లక్కమ్మ చెప్పిన అధికపు గింజలు చేరినవని తెలియవలెను. ఇది కారునకొక గుర్తు, ఇంటికొక గుర్తు.

ఈ సందర్భమున పలాస వాసులు తెలియదగిన విషయమొకటి కలదు. జీడిపిక్క తొక్కలో ఘాటైన నూనె ఉండును. పిక్కలు పగులగొట్టు స్త్రీల వ్రేళ్ళను కాల్చి నల్లబరచునది ఆ నూనెయే. వారు బూడిదయో, నూనెయో చేతులకు రాచుకొని పనిచేయుదురు. ఆ తొక్క నూనె వ్యర్థము కాదు. దానినుండి చేయు గట్టిపొడిని వాహనముల బ్రేకు లైనింగులలో, క్లచ్చి పలకలలో రాపిడిని స్థిరముగా ఉంచుటకై చిరకాలముగా వాడుచున్నారు. పరుగెత్తు బండిని ఆపు పదార్థములో జీడిపిక్కకును పాలు కలదన్నమాట. ఎఱ్ఱని కారును కొన్న ధనము ఆ నల్లని వ్రేళ్ళ పనినుండి వచ్చినది, ఆ కారును ఆపు శక్తిలోను అట్టి వ్రేళ్ళ జాడ ఉండవచ్చును. బ్రేకుపై కాలు వేయునపుడు ఇది స్మరించువాడు తన వాహనమును ఒంటరి వస్తువుగా చూడజాలడు.

రెండవది దారి పరీక్ష. వస్తువు ఆనందము ఒకనిది, దాని అపాయము ఎవరిది? 2018లో కేంద్రప్రభుత్వము నిర్ణయించిన ప్రకారము నడుమ విభజన గల నాలుగు వరుసల రహదారిపై కార్లకు గరిష్ఠవేగము గంటకు 100 కిలోమీటర్లు. ఆ వేగమున కారు ఒక్క సెకనులో సుమారు 28 మీటర్లు పోవును. ఎదుట ఆవు కనబడినది మొదలు కాలు బ్రేకును తాకువరకు ఆ ఒక్క సెకను గడచును. ఆపై మంచి టైర్లతో, పొడి దారిపై ఆగుటకు మఱి 40 మీటర్లు పట్టును. వేగము రెట్టింపైనచో ఆపవలసిన శక్తి నాలుగురెట్లగును. ఇది ధనముతో మారని గణితము. గంటకు 250 కిలోమీటర్లు పోగల కారునకు యజమాని కావచ్చును గాని ఆ 250 తనదని తలచుట పొరపాటు. టెక్కలి నుండి పలాస దాక రహదారి ప్రక్కన ఊళ్ళున్నవి. సంజవేళ బట్టీల నుండి ఇండ్లకు మఱలు స్త్రీలు, పాఠశాల విడిచిన పిల్లలు, పశువులను తోలుకొను ముసలివారు ఆ దారిని దాటుచుందురు. వారెవ్వరు ఆ వేగమును కోరలేదు, దానిలో వారికి పాలు లేదు. దయను ధర్మమునకు వేరుగా ఎంచిన సంప్రదాయమున పుట్టినవాడు, తన సంతోషపు వెలను తెలియని బాటసారిచే చెల్లింపగూడదు. ఈ పరీక్షలో ఓడినవానికి మొదటి పరీక్షలో గెలుపు ఉపయోగపడదు. చేతితో చక్కగా కడిగిన కారును అతివేగముగా నడపువాడు శుభ్రమైన కత్తిని సంతలో విసరువానివంటివాడు.

మూడవది విడుపు పరీక్ష. అవసరము వచ్చినపుడు వస్తువును విడువగలడా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఏండ్ల తరబడి పెంచిన కొబ్బరి, జీడి తోటలు నేలకూలినవి. ఆ దినమున దారులపై చెట్లు పడియుండగా ఖరీదైన బండియు, కట్టెల బండియు సమానముగా నిలిచిపోయినవి. గొడ్డలి పట్టిన చేతులు దారి చేసినవి. తోటను బిడ్డగా పెంచిన రైతు ఒక్కపూటలో దానిని కోల్పోయి, మఱల మొక్క నాటుటకు గుంట త్రవ్వెను. అతనికి ఆ విడుపు బలవంతముగా వచ్చినది. కలిగినవాడు దానిని ఇష్టపూర్వకముగా నేర్చుకొనుటకే శరణులు దాసోహమను మార్గమును చూపిరి. బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమునకు అధికారి. ఎదుట రాశులుగా ధనమున్నను అది తనది కాదను తెలివితో దినమును లెక్క చూచినవాడు. చేతిలోనిది తన కాపుదలలో నున్నదేగాని తనది కాదను భావము దాసోహమునకు ప్రాణము. యాచకునకు విసరిన నాణెమునకును దీనికిని పోలిక లేదు.

ఉద్దానములో ఈ పరీక్షకు మఱియొక రూపము కలదు. ఏండ్ల తరబడి ఇచటి గ్రామములను మూత్రపిండముల వ్యాధి పీడించుచున్నది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. డయాలసిస్ అవసరమైన రోగి వారమునకు రెండు మూడు మారులు ఇంటినుండి కేంద్రమునకు పోయి, గంటల కొలది పడకపై నుండి, నీరసముతో మఱలి రావలెను. అతనికి వాహనమనగా వేగము కాదు, కూర్చుండుటకు చోటు, కుదుపులేని ప్రయాణము. రెండాసనముల కారులో ఆ రోగిని, అతని తోడు వచ్చు భార్యను కలిపి ఎక్కించుటకు వీలులేదు. ఈ మాట యజమానిని సిగ్గుపరచుటకు కాదు. ఆ కారును అమ్మినంతమాత్రమున వ్యాధి పోదు, అమ్మిన ధనము రోగికి చేరునన్న నమ్మకమును లేదు. చూడవలసినది వేఱొకటి. ఆ కారును నిలుపుటకై ప్రతి ఏడు పోయు సొమ్ము, ప్రతి వారము పోయు గంటలు, ప్రతి రాత్రి పోయు తలపు ఎంత? ఆ మూటలో పొరుగువానికి చోటున్నదా, లేదా?

చోటు చేయుటకు గృహస్థులు ఆచరింపదగిన నియమమొకటి చెప్పవచ్చును. వినోదము కొఱకు ఉంచుకొన్న వస్తువు పోషణకు ఏడాదిలో ఎంత ఖర్చగునో ఒక పుస్తకమున వ్రాయవలెను. అంత మొత్తమును దాసోహమునకై వేరుగా తీసి, రోగుల రాకపోకలకో, పేద పిల్లల చదువునకో వినియోగింపవలెను. రెండును భరింపగలిగినంత కాలము ఆ వస్తువు ఇంట నుండవచ్చును. రెండవది భారమనిపించిన దినమున మొదటిది అధికమైనదని గ్రహించి విడువవలెను. ఇందు ధర ఎంత అను తర్కము లేదు, ఇతరుల వస్తువుతో పోలిక లేదు, ఒకరిని ఒకరు నిందించుట లేదు. పుస్తకమే సాక్షి. మఠములకును ఈ నియమము వర్తించును. భక్తులు సమర్పించిన వాహనము స్వాముల సంచారమునకు, బోధకు ఉపకరించినంత కాలము అది నిజముగా జంగమము. ఉత్సవమున చూపుటకై ముసుగు వేసి నిలిపినచో అదియు స్థావరమే. పెద్దలు ఆచరించి చూపిన మార్గమున పిన్నలు నడుతురు.

ఇట్టి నియమముతో ఆనందము చచ్చునని కొందఱనవచ్చును. లెక్క పుస్తకము చేతబట్టి ఎవడు హాయిగా బండి నడపును? అను వాదము కలదు. కాని ఆ పలాస యువకుని ఆనందమును చంపినది పుస్తకము కాదు, భయము. గీత పడునేమో, తడియునేమో, ఎవరైన తాకుదురేమో అను భయమే అతనిని గదిలో బంధించినది. విడుచుటకు సిద్ధపడినవానికి ఆ భయము తగ్గును. కారుపై గీత పడిన మరల రంగు వేయించును, లేదా గీతతోనే నడుపును. వీధి పిల్లలు వచ్చి చూచిన తలుపు తీసి కూర్చుండబెట్టును, చక్రమెట్లు తిరుగునో చెప్పును. బంధువుల పెండ్లికి దారి బాగులేకున్న బస్సులో పోవును. వస్తువు దాని చోట నుండును, మనిషి తన చోట నుండును.

టెక్కలికి చేరువలో రావివలస కలదు. అచటి ఎండల మల్లికార్జునుడు కప్పులేని చోట, ఎండకును వానకును గాలికిని ఎదురుగా నిలిచిన పెనులింగము. కార్తిక సోమవారములందు జనము పోటెత్తి వచ్చి, తమ బండ్లను నీడకై వెదకి వెదకి నిలిపి, నీడ కోరని దేవునికి మ్రొక్కుదురు. ఆ యువకుడును ఒక సోమవారమున నాయనమ్మను ప్రక్క ఆసనమున కూర్చుండబెట్టుకొని, గంటకు అరువది కిలోమీటర్లు మించకుండ అచటికి తెచ్చెననుకొందము. నీడ దొరకలేదు. ఎండలోనే కారు నిలిపి దిగెను. ఎఱ్ఱని రంగు వెలియునేమోయని వెనుదిరిగి చూడబోయి, ఆగెను. ముసలమ్మ అతని చేయి పట్టుకొని, "పదరా నాయినా, అదెక్కడికీ పోదు" అనెను.

శివాలయములందు నంది స్వామి కెదురుగా కూర్చుండి, ఆయన లేచు వేళకై కాచుకొనియుండును. బసవడను పేరును ఆ వృషభమునుండి వచ్చినదే. కాచుకొనుట వాహనము పని. స్వామి దానికొఱకు కాచుకొనడు. ఇంటి వాకిట ఏ బండి నిలిచినను, దాని వెల ఎంతైనను, ఈ వరుస తప్పకుండ చూచుకొనుట గృహస్థుని పని.